ఊగేది ఊయల, ఊపేది ఎవరు?

"ఊయల ఊగుతోంది" అంటాం. వినడానికి ఎంత మెత్తగా ఉంటుందో ఆ వాక్యం. వ్యాకరణం ప్రకారం అది అకర్మక వాక్యం. కొమ్మ ఊగుతుంది, గాలికి తెర ఊగుతుంది, ఊయలా అలాగే ఊగుతుంది. దానంతట అదే కదులుతున్నట్టు ఉంటుంది. "ఊపు" అన్న క్రియ వాడినప్పుడే ఊపేవాళ్ళెవరన్న ప్రశ్న వస్తుంది. మన ఇళ్ళలో ఆ రెండో క్రియ ఎప్పుడు వినబడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. "పిల్లాడు ఏడుస్తున్నాడు, కాస్త ఊపవే." "ఈ కొంపలో ఊయల ఊపే దిక్కే లేదా?" మొదటిది ఆజ్ఞ, రెండోది ఫిర్యాదు. ఊయల సాఫీగా కదులుతున్నంతసేపూ వాక్యంలో మనిషి ఉండదు. అది ఆగిందంటే మనిషి కావలసి వస్తుంది, అదీ ఆడమనిషి. "ఊపవే" లోని ఆ "వే" ఊరికే రాలేదు.

ఏళ్ళ తరబడి తెలుగు పాఠాలు చెప్పుకున్నదాన్ని కాబట్టి మాటల్ని ఇలా విప్పి చూడటం నాకు అలవాటు. ఊయల అన్న మాటను విప్పుతూ పోతే అది వ్యాకరణం దగ్గర ఆగలేదు. ఒకరి అవసరం తీర్చే బాధ్యత ఎవరి మీద పడుతుంది, ఎందుకు పడుతుంది అన్న నీతి ప్రశ్న దాకా తీసుకెళ్ళింది.

ఈ మాటకు రూపాలు చాలా ఉన్నాయి. ఊయల, ఉయ్యాల, తెలంగాణలో తొట్టెల, సంస్కృతం నుంచి వచ్చిన డోల. పసిబిడ్డ పడుకునేదీ ఉయ్యాలే, ఆడపిల్లలు చెట్టుకు కట్టుకుని ఊగేదీ ఉయ్యాలే. డోల నుంచి డోలాయమానం వచ్చింది. ఏ నిర్ణయమూ తీసుకోలేక అటూ ఇటూ ఊగే మనసుకు అది గౌరవమైన పేరు. తిరుమలలో స్వామికి డోలోత్సవం ఉంది, ఊంజల్ సేవ ఉంది. బోనాల పండగలో అమ్మవారికి సమర్పించే రంగురంగుల కాగితాల అలంకారం పేరు కూడా తొట్టెలే. పిల్లలు కావాలని మొక్కుకున్నవాళ్ళు గుడి దగ్గర చెట్టుకు చిన్న చిన్న ఊయలలు కడతారు. సభల్లో వక్తలు ఒక ఊరిని ఉద్యమాలకు ఊయల అంటారు, ఒక నది లోయని నాగరికతకు ఊయల అంటారు.

ఇన్ని అర్థాల్లోనూ ఊయలలో ఉన్నదెవరో మనకు తెలుస్తుంది. దేవుడో, బిడ్డో, నాగరికతో, ఉద్యమమో, ఎటూ తేల్చుకోలేని ఒక మనసో. తాడు పట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం ఏ అర్థంలోనూ లేదు. నాగరికతకు ఊయల అన్నప్పుడు ఆ ఊయలను ఊపిందెవరని అడిగితే శ్రోతలు నవ్వుతారు. ఉపమానాన్ని అంతదూరం లాగకూడదంటారు. నాకు మాత్రం అక్కడిదాకా లాగాలనే ఉంటుంది.

ఊపే చేతిని ఎవరూ పొగడలేదా అంటే, పొగిడారు. విలియం రాస్ వాలెస్ అనే అమెరికన్ కవి 1865లో ఆ చేతికి ఒక పద్యమే అంకితం చేశాడు. లోకాన్ని ఏలేది నిజానికి తల్లి చెయ్యేనని దాని సారాంశం. అందులోని మాట మన దాకా వచ్చి, ఏటా మార్చి 8 సభల్లో పూలదండలతో పాటు మనకు అందుతూనే ఉంది. లోకాన్ని ఏలుతున్నదని ఆయన చెప్పిన ఆ చేతికి, ఆయన దేశంలోనే, ఓటుహక్కుకు రాజ్యాంగ రక్షణ దొరికింది 1920లో. అంటే 55 ఏళ్ళ తర్వాత. ఏలే చెయ్యి ఓటు వెయ్యలేని కాలంలో ఆ పొగడ్త ఏం పని చేసిందో ఆలోచించాలి. నీకు అధికారం ఉందని చెబితే అధికారం అడగరు. నువ్వు దేవతవని చెబితే విశ్రాంతి అడగరు. మన దగ్గర మాతృమూర్తి అన్న మాట చేసే పనీ ఇదే.

మా అమ్మ ఊయల తాడు కాలి బొటనవేలికి కట్టుకునేది. చేతులు ఖాళీ ఉండవు కదా. ఒళ్ళో చేట, చేటలో బియ్యం, కాలు ముందుకీ వెనక్కీ ఆడుతూ ఉండేది. మా ఇంట్లో అది ఎవరికీ వింతగా తోచలేదు. ఆ కాలు చేసింది పనే అనుకుంటే దానికి లెక్క ఏదీ? బియ్యం ఏరడం పనిగా కనిపించేది, ఎందుకంటే సాయంత్రానికి ఏరిన బియ్యం కనిపిస్తాయి. ఊయల ఊపితే చివరికి మిగిలేది బిడ్డ నిద్ర. బాగా జరిగిన పని ఆనవాలు లేకుండా పోతుంది. ఇంటిచాకిరీ మొత్తానికీ ఉన్న గుణమే ఇది. ఊయలలో అది మరీ తేటగా కనబడుతుంది.

అమ్మకు కాలు కూడా ఖాళీ లేనప్పుడు తాడు అక్క చేతికి వస్తుంది. మూడో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్లకి తమ్ముడు పుట్టాడు. వాళ్ళమ్మ నాట్లకు వెళ్ళేది. ఆ పిల్ల మొదట వారానికి రెండు రోజులు మానింది, తర్వాత బడికే రాలేదు. ఎవరూ ఆమెను బడి మాన్పించలేదు, ఎవరూ పనికి పంపలేదు. "ఇంటి దగ్గరుండి తమ్ముణ్ణి చూసుకుంటోంది" అన్నారు. ఇటుక బట్టీలో ఉంటే బాలకార్మికురాలు, ఊయల దగ్గర ఉంటే బుద్ధిమంతురాలు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పిల్లల్ని పనినుంచి బడికి తెచ్చే పని చేసిన ఎం.వి. ఫౌండేషన్, ఆ పనికి నాయకత్వం వహించి 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న శాంతా సిన్హా, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలేనని పట్టుబట్టారు. ఆ నిర్వచనం వల్ల నాకు ముందుగా కళ్ళముందుకు వచ్చింది ఊయల పక్కన చతికిలబడి కూర్చున్న ఆ ఎనిమిదేళ్ళ పిల్ల. తమ్ముడు ఊయల దిగి నడుచుకుంటూ అదే బడికి వెళ్ళాడు.

ఇంటి గడప దాటితే ఊయల చీరగా మారుతుంది. పొలం గట్టున వేపకొమ్మకు పాత చీర, హైదరాబాదులో కడుతున్న అపార్టుమెంటు కింద రెండు సెంట్రింగు కర్రల మధ్య పాత చీర. పైన తల్లి తట్టతో ఇసుక మోస్తుంటుంది. ఏడుపు వినబడితే మేస్త్రీ మొహం చూసి, చూడనప్పుడు దిగి వస్తుంది. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కడుతున్న చోట ఇలాంటి పిల్లల్ని చూసి మీరా మహదేవన్ మొబైల్ క్రెషెస్ మొదలుపెట్టారు. దేశం ఒక మహాత్ముణ్ణి తలుచుకోవడానికి కడుతున్న కట్టడం నీడలోనే ఆ పిల్లలు దుమ్ములో పడి ఉన్నారన్నది మర్చిపోకూడని విషయం.

చట్టాలు ఈ విషయంలో ఏం చెప్పాయో చూస్తే ఊయల గురించిన మన ఆలోచన అంతా అందులో కనిపిస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం మొదట 50 మందికి మించి, 1976 సవరణ తర్వాత 30 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుగృహం ఉండాలన్నది. లెక్కించింది స్త్రీలనే. వందమంది తండ్రులు పనిచేసే ఫ్యాక్టరీలో ఒక్క ఊయల కూడా అక్కర్లేదన్నమాట. పైగా 30 మందితో సరిపెట్టుకుంటే యజమానికి ఖర్చు మిగిలేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ లెక్క మారింది. ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులుంటే శిశుగృహం ఉండాలన్నారు. అది నిజంగా ముందడుగు. కానీ రోజుకు నాలుగుసార్లు శిశుగృహానికి వెళ్ళివచ్చే వీలు ఎవరికిచ్చారు? స్త్రీకి. అదే కార్యాలయంలో తండ్రి పక్క గదిలో ఉన్నా అతను వెళ్ళి చూడవలసిన అవసరం చట్టానికి తోచలేదు.

2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో నాకు బాగా నచ్చిన ఒక నిబంధన ఉంది. పని జరిగే చోటికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు లేదా ఎక్కువమంది వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకు కూడా కూలి ఇవ్వాలన్నారు. మట్టి తవ్వడమూ ఊయల ఊపడమూ ఒకే మస్టర్లో రెండు పనులుగా నమోదు కావడం చిన్న విషయం కాదు. ఊపడానికి కూలి ఉంటుందని మన ప్రభుత్వ కాగితం ఒకటి ఒప్పుకుంది. అక్కడ కూడా "స్త్రీలలో ఒకరు" అనే రాశారు. అమలు సంగతి పనికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళే చెప్పాలి.

ఊయలకు ధర కట్టిన రోజులు కూడా ఉన్నాయి. గురజాడ 1897లో "కన్యాశుల్కం" తొలి ప్రతికి రాసిన ముందుమాటలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన 1,034 కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ లెక్క చెప్పాడు. ఐదేళ్ళ వయసులో పెళ్ళయినవాళ్ళు 99 మంది, రెండేళ్ళ వయసులో ఆరుగురు, ఏడాది వయసులో ముగ్గురు. ఆ ముగ్గురి ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. గర్భంలో ఉండగానే బేరాలు జరిగిన సందర్భాలూ ఉన్నాయన్నాడు. ఊయలలోని ఆడపిల్లకు అప్పుడు ధర ఉండేది, ఆ డబ్బు తండ్రికి వచ్చేది. తర్వాత కన్యాశుల్కం వరకట్నమైంది. ధర తండ్రి ఇవ్వవలసి వచ్చింది. అప్పుడు ఆ పిల్ల ఊయల దాకా రావడమే కష్టమైంది. ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుంటే 2001 జనాభా లెక్కల్లో 927 మందే మిగిలారు. లింగనిర్ధారణ పరీక్షలను నిషేధిస్తూ 1994లో చేసిన చట్టం ఈ రెండు లెక్కల మధ్యలోనే ఉంది.

ఈ పరిస్థితిలోనే ప్రభుత్వం ఊయలను చేతిలోకి తీసుకుంది. 1992లో తమిళనాడు ప్రభుత్వం సేలం ప్రాంతంలో తొట్టిల్ కుళందై పథకం మొదలుపెట్టింది. చంపకండి, వద్దనుకుంటే ఈ ఊయలలో వేసి వెళ్ళండి అన్నది దాని సారం. మన రాష్ట్రంలో కూడా శిశువిహార్‌ల దగ్గర, ఆసుపత్రుల దగ్గర అలాంటి ఊయలలు పెట్టారు. వాటివల్ల బతికిన పిల్లలున్నారు. వాళ్ళను తలుచుకుంటే ఆ పథకాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేను. మరో పక్క కేంద్ర ప్రభుత్వం 2022లో మిషన్ శక్తి కింద శిశుగృహాల పథకానికి పాల్నా అని పేరు పెట్టింది. హిందీలో పాల్నా అంటే ఊయలే. ఒకే మాటతో రెండు పథకాలు. ఒక ఊయల తల్లి వదిలేసి వెళ్ళడానికి, ఇంకొకటి తల్లి పనికి వెళ్ళి తిరిగి రావడానికి. పసిపిల్లలతో పనికి వెళ్ళే ఆడవాళ్ళకు రెండో ఊయల వాడవాడలా ఉండి, ఆడపిల్ల అంటే అప్పు అన్న లెక్క చెరిగిపోతే, మొదటి ఊయల ఎంతమందికి అవసరమయ్యేది?

అలాంటి ఊయలలో బిడ్డ దొరికిన మర్నాడు పేపరు చూడండి. "కన్నతల్లి కర్కశత్వం", "అమ్మా, నీకిది తగునా?" శీర్షికలన్నీ అమ్మకే. ఆడపిల్ల పుడితే ఇంటికి రావద్దన్న భర్త, మూడో కాన్పూ ఆడపిల్లేనా అని మొహం తిప్పుకున్న అత్తమామలు, మోసం చేసి పోయిన ప్రేమికుడు, వీళ్ళెవరూ శీర్షికలోకి రారు. ఏళ్ళ తరబడి ఊపినప్పుడు కనిపించని చెయ్యి, వదిలిన ఒక్క రాత్రి మాత్రం అందరికీ కనిపిస్తుంది. మాటలో లేని కర్త నేరంలో మాత్రం ఉంటుంది. నీతి అనేది అందరికీ ఒకే కొలత అయితే ఇలా ఉండకూడదు. బాధ్యత మోస్తున్నప్పుడు ఎవరిని గుర్తించలేదో, బాధ్యత తప్పిందని నింద వేసేటప్పుడు వాళ్ళను మాత్రమే గుర్తించడం న్యాయం కాదు.

లోకాన్ని మార్చాలనుకున్న చోట కూడా ఈ ప్రశ్న ఇలాగే వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీ శక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది. అజ్ఞాతంలో, అడవిలో, పసిబిడ్డల్ని ఎవరికో ఇచ్చి రావలసి వచ్చిన తల్లుల బాధ అందులో ఉంది. బిడ్డ ఏడిస్తే దళం పట్టుబడుతుంది. ఆ భయం నిజమైనదే. ఆ నిర్ణయాన్ని సుఖంగా కూర్చుని నేను తప్పుపట్టలేను. అయినా ఆ పేజీల దగ్గర ఆగిపోయి అడగాలనిపిస్తుంది. ఆ బిడ్డలకు తండ్రులూ ఉన్నారు, వాళ్ళలో చాలామంది దళాల్లోనే ఉన్నారు. ఉద్యమమా బిడ్డా అన్న ఎంపిక తల్లి ముందు నిలబడినంత కఠినంగా తండ్రి ముందు ఎందుకు నిలబడలేదు? ఉద్యమాలకు ఊయల అని మనం గర్వంగా చెప్పుకునే నేలమీద, ఉద్యమం కోసం ఖాళీ అయిన ఊయలల చరిత్ర కూడా ఉంది.

ఇదంతా చదివి ఎవరైనా అడగొచ్చు: ఊయల ఊపడంలో ప్రేమ లేదా, అన్నీ ఇలా కూలి లెక్కల్లో చూస్తే ఏం మిగులుతుంది అని. ప్రేమ ఉంది. నేనూ ఊపాను. పాలవాసనేసే ఆ చిన్న ఒంటి పక్కన, జోలపాట మధ్యలో నాకే కునుకు పట్టిన మధ్యాహ్నాలున్నాయి. వాటిని ఎవరు అడిగినా వదులుకోను. కానీ రైతుకు నేలమీద ప్రేమ ఉందని గిట్టుబాటు ధర అడగొద్దని అనం. పంతులుకు పిల్లలమీద ప్రేమ ఉందని జీతం ఆపం. ప్రేమ ఉన్నంత మాత్రాన శ్రమ శ్రమ కాకుండా పోదు. ఇంకో సంగతి. ఊపడంలో అంత ఆనందమే ఉంటే, ఆ ఆనందం నుంచి మగవాళ్ళను ఇన్ని తరాలు దూరంగా ఉంచడం వాళ్ళకు చేసిన అన్యాయం కదా. ఆ అన్యాయం గురించి వాళ్ళు ఎప్పుడూ ఫిర్యాదు చేసినట్టు నేను వినలేదు.

నాకు తోచిన నీతి సూత్రం ఇది. పసిబిడ్డ నిస్సహాయంగా పుడుతుంది. ఆ నిస్సహాయతే మన మీద ఒక బాధ్యత పెడుతుంది. అందులో వాదన లేదు. తల్లి పాలు తల్లే ఇవ్వగలదు, నిజమే. ఊయల తాడుకు పాలతో పని లేదు. బిడ్డ ఏడ్చి పిలిచేది ఒక చేతిని. ఆ చెయ్యి గాజులున్నదై ఉండాలని బిడ్డ అడగదు. ఆ షరతు పెట్టింది మనం. బిడ్డ అవసరం ప్రకృతి సిద్ధమే. ఆ అవసరం తీర్చే మనిషిని ఎంచుకున్నది సమాజం. ఈ రెంటినీ ఒకటిగా చూపించి, ఎంపికను ప్రకృతిగా నమ్మించడమే పితృస్వామ్యం చేసిన పని. తాడు అందేంత దూరంలో ఉన్న ప్రతివాళ్ళకూ, తండ్రికీ తాతకీ యజమానికీ ప్రభుత్వానికీ, ఆ బాధ్యతలో వాటా ఉంది.

మగవాళ్ళ చేతులకు ఈ పని చేతకాదని ఎవరైనా అంటే పాడేరు, అరకు కొండల వైపు చూడమంటాను. రోడ్డు లేని గూడేల నుంచి నొప్పులు పడుతున్న స్త్రీని ఆసుపత్రికి డోలీలో మోసుకొస్తారు. ఒక పొడవాటి కర్ర, దానికి కట్టిన దుప్పటి. చూస్తే అచ్చం చీర ఉయ్యాలే. మోసేది ఎక్కువగా మగవాళ్ళే, వాగులు దాటి, మైళ్ళ దూరం, ఆమె కదిలిపోకుండా అడుగులు కలుపుతూ. డోల, డోలీ ఒకే మాట నుంచి వచ్చాయి. ఆ వార్తలు ఏళ్ళ తరబడి పేపర్లలో వస్తూనే ఉన్నాయి. రోడ్డు వెయ్యని ప్రభుత్వానికి అది సిగ్గుచేటు. ఆ భుజాలను చూసినప్పుడు మాత్రం నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మొయ్యగలిగిన మనుషులు, ప్రాణం నిలిచి ఇంటికొచ్చాక ఊపలేకపోవడానికి కారణం చేతుల్లో లేదు.

ఉయ్యాల ఎప్పుడూ ఊపేదానిగానే ఆడవాళ్ళకు మిగలలేదు. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి చెట్టుకు ఉయ్యాల కట్టుకుని ఊగే హక్కు ఆడపిల్లకు ఉంది. అదీ మంచి మొగుడి కోసం చేసే నోములో భాగమే, అయినా కాళ్ళు నేలకు తగలని ఆ కాసేపూ ఆమెదే. పెళ్ళయి బిడ్డ పుట్టాక ఉయ్యాల అన్న మాట అదే ఉంటుంది, ఆమె కూర్చునే చోటు మారుతుంది. తెలంగాణలో మాత్రం ఆ మాట ఏటా తొమ్మిది రోజులు ఆడవాళ్ళ నోటికి తిరిగి వస్తుంది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడే ఎన్నో పాటల్లో ప్రతి చరణం చివరా ఉయ్యాలే పల్లవి. అక్కడ తాడూ లేదు, తొట్టెలా లేదు. పుట్టింటి బెంగ, అత్తింటి ఆరళ్ళు, కరువు, పోరాటం అన్నీ ఆ ఒక్క మాట మీద ఊగుతాయి. ఒకరు అందుకుంటే పదిమంది అంటారు. ఊగేదీ వాళ్ళే, ఊపేదీ వాళ్ళే. ఈ మాటకున్న అర్థాలన్నిటిలో నాకు ఇష్టమైనది అది.

2014 నుంచి బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది. స్టేడియాల్లో వేలమందితో ఆడిస్తున్నారు, లెక్కలు చెబుతున్నారు. అంతమంది ఆడవాళ్ళు ఆ రెండు గంటలు ఆటలో ఉంటే, ఇంట్లో తొట్టెల తాడు ఎవరి చేతిలో ఉందో కూడా ఎవరైనా ఒకసారి లెక్క తీస్తే బాగుండును. ఎక్కువ ఇళ్ళలో అది ఒక ముసలి అత్త చేతిలోనో, ఆటకు రాలేకపోయిన ఒక ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలోనో ఉంటుందని నా అనుమానం.